అద్దె ఇంటి అడ్వాన్సులో కోతలు

అద్దె ఇల్లు ఖాళీ చేసే వేళ ఇంటికి నష్టం జరిగిందంటూ యజమాని అడ్వాన్సులోంచి కొంత సొమ్ము పట్టుకోవడం, అది అన్యాయమని అద్దెదారు అడ్డం తిరగడం పట్టణాల్లో తరచూ కనిపించే తగువు. గోడల రంగులు, మేకుల రంధ్రాలు, పగిలిన టైల్సు, పాడైన గీజరు, ఇల్లు కడిగించిన కూలి చుట్టూనే పేచీ ఎక్కువగా తిరుగుతుంది. సొమ్ము కోర్టుకెక్కేంత పెద్దది కాదు. కానీ కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టి, సామాను లారీకి డబ్బిచ్చి, పిల్లల బడి ఫీజులు నెత్తిన పెట్టుకున్న కుటుంబానికి ఆ ముప్ఫై నలభై వేలు వదులుకునేంత చిన్నవీ కావు. ఎక్కువమంది వదులుకోవడానికి కారణం హక్కు లేకపోవడం కాదు, చేతిలో రుజువు లేకపోవడం.

ఈ విషయంలో మూలసూత్రం ఒక్కటే. అడ్వాన్సు అద్దెదారు సొమ్ము, యజమాని దగ్గర పూచీగా మాత్రమే ఉంటుంది. అందులోంచి కోసుకునే ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసింది కోసుకునే మనిషే.

పేర్లు, వాడుక

ఆంధ్ర ప్రాంతంలో అద్దె, తెలంగాణలో కిరాయి అంటారు. కాగితం మీద సెక్యూరిటీ డిపాజిట్ అని రాసినా నోట మాత్రం అడ్వాన్సే. ఈ మాట కొంత గందరగోళానికి కారణమవుతోంది. ముందుగా కట్టిన అద్దె అన్న అర్థం అందులో ధ్వనిస్తుంది కాబట్టి, ఆఖరి రెండు నెలలు అడ్వాన్సులో సరిపెట్టుకోమని అద్దెదారు అడుగుతాడు. రంగులకూ మరమ్మతులకూ పెట్టుకున్న పూచీ కాబట్టి కుదరదని యజమాని అంటాడు. ఒప్పందంలో సర్దుబాటు మాట లేకపోతే అద్దె ఆపడం అద్దెదారుకే చేటు. అడ్వాన్సు కోసం అడగాల్సినవాడు కాస్తా అద్దె బకాయిదారుగా మిగులుతాడు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో మామూలు ఇళ్లకు రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం వాడుక. ఉద్యోగాల కోసం వేల తెలుగు కుటుంబాలు స్థిరపడిన బెంగళూరులో పది నెలల అడ్వాన్సు చాలాకాలం మామూలు సంగతి. పూచీ ఎంత పెద్దదైతే ఖాళీ చేసే రోజున యజమాని చేయి అంత పైన ఉంటుంది.

చట్టపు పునాది

భారతదేశంలో ఈ తగువుకు మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్ అద్దెకిచ్చినవారి, అద్దెకున్నవారి హక్కులనూ బాధ్యతలనూ వరుసగా చెబుతుంది. దాని ప్రకారం అద్దెదారు ఇంటిని తాను తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని శక్తుల వల్ల వచ్చే మార్పులకూ అతనికి బాధ్యత లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటి వరదకు ఉబ్బిన తలుపులు, పెచ్చులూడిన గోడలు అద్దెదారు ఖాతాలో రాయదగ్గవి కావు.

అదే సెక్షన్ యజమానికి ఇంటిని చూసిపోయే హక్కు ఇస్తుంది. అద్దెదారు వల్ల లోపం ఏర్పడితే నోటీసు ఇవ్వవచ్చు, నోటీసు అందిన 3 నెలల్లోగా అద్దెదారు దాన్ని బాగుచేయించాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును అడిగినా చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఈ నియమాలన్నీ ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ వేరే మాట లేనప్పుడే వర్తిస్తాయి. తగువు కాగితం దగ్గరికి వచ్చి ఆగేది ఈ షరతు వల్లనే.

రెండో ఆధారం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. 73వ సెక్షన్ ప్రకారం పరిహారం నిజంగా కలిగిన నష్టానికే. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానాగా ఎంత మొత్తం రాసుకున్నా న్యాయమైన పరిహారం మాత్రమే దక్కుతుంది, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు. సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులోనూ, 2015లో కైలాస్‌నాథ్ అసోసియేట్స్ కేసులోనూ ఈ సూత్రాన్ని వివరించింది. అవి ఇంటి అద్దె కేసులు కావు. అయినా ఏ చిన్న నష్టం జరిగినా అడ్వాన్సు మొత్తం పోయినట్టేనని రాసే షరతును తూచడానికి అవే తక్కెడ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం 7వ సెక్షన్ అడ్వాన్సును ఒక నెల అద్దెకు పరిమితం చేసింది. గూడూరులోని మోడరన్ హోటల్ వివాదంలో 1989లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను బలంగా నిలబెట్టింది. పరిమితికి మించిన అడ్వాన్సును దగ్గర పెట్టుకున్న యజమాని, అద్దె బకాయి పడిందంటూ ఖాళీ చేయించజాలడని తీర్పు. తరువాత 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం నీడలోంచి తప్పుకున్నాయి. నేటి నగరాల్లో ఆ అద్దెకు గది దొరకడమే కష్టం. కనుక రాష్ట్రం కొత్త అద్దె చట్టం తెచ్చుకోనిచోట ఎక్కువ తగువుల్లో మిగిలేవి రాసుకున్న ఒప్పందం, పై రెండు పాత చట్టాలు.

అరుగుదల ఏది, నష్టం ఏది

వివాదమంతా ఈ గీత దగ్గరే. ఇంట్లో మనుషులు బతికితే ఇల్లు అరుగుతుంది, ఆ అరుగుదలకు ప్రతిఫలమే నెలనెలా ఇచ్చే అద్దె. అద్దె తీసుకుని అరుగుదలకు మళ్లీ డబ్బు అడిగితే ఒకే వస్తువును రెండుసార్లు అమ్మినట్టు.

ఎండకు వెలిసిన రంగు, మంచం తల ఆనిన చోట గోడ మీద మరక, నడిచి నడిచి మెరుపు తగ్గిన గచ్చు, వదులైన తలుపు గొళ్లెం, బోరునీటి ఉప్పుకు తెల్లబారిన కుళాయిలు, దేవుడి పటాలకూ క్యాలెండరుకూ కొట్టిన నాలుగు మేకులు, పండుగ తోరణానికి గుమ్మం పైన కొట్టిన చిన్న మేకు, గడపకు రాసిన పసుపు అరుగుదల కిందికి వస్తాయి. పడేసి పగలగొట్టిన వాష్‌బేసిన్, టైల్సు చీలేలా వేసిన డ్రిల్లు రంధ్రాలు, వేడి గిన్నె పెట్టి కాల్చిన చెక్క అర, కుక్క గోకి పాడుచేసిన తలుపు, అడగకుండా మార్చిన వైరింగు, నెలల తరబడి తుడవని వంటగది జిడ్డు నష్టం కిందికి వస్తాయి.

నడిమధ్య ఉండేవీ కొన్ని ఉన్నాయి. బాత్రూం గోడకు చెమ్మ పట్టి పెచ్చులూడితే తప్పెవరిదన్న ప్రశ్నకు గోడ వెనుక పైపు జవాబు చెప్పాలి. పైపు కారుతుంటే అది యజమాని పని. కారుతున్న సంగతి తెలిసీ అద్దెదారు చెప్పకుండా ఊరుకుంటే పెరిగిన నష్టంలో అతనికీ వాటా ఉంటుంది. అందుకే చెమ్మ కనిపించిన రోజునే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం ఏడాది తరువాత పెద్ద రక్షణ అవుతుంది.

ఇంగ్లండు న్యాయస్థానాలు ఈ గీతను చాలాకాలంగా గీస్తున్నాయి. 1953 నాటి వారెన్, కీన్ కేసులో వారం వారం అద్దెకుండే మనిషి అరుగుదలకు బాధ్యుడు కాడనీ, బుద్ధిగల అద్దెదారు చేసుకునే చిన్నాచితకా పనులు మాత్రం అతనివేననీ అప్పీలు కోర్టు తేల్చింది. అంతకు ముందే, 1927 నాటి అక్కడి చట్టం ఎలాగూ కూల్చబోయే కట్టడానికి మరమ్మతుల పరిహారం అడగరాదని చెప్పింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. అయినా పాత ఇంటిని అపార్టుమెంటు కట్టడానికి బిల్డరుకు ఇవ్వబోతూ రంగులకని అడ్వాన్సు కోస్తే, నిజంగా కలిగిన నష్టం ఏదని 73వ సెక్షన్ కింద అడగవచ్చు.

రంగుల పేచీ

అన్ని కోతల్లోకీ పెద్దది పెయింటింగ్. ఎంతకాలం ఉన్నా, గోడలు ఎలా ఉన్నా ఒక నెల అద్దె రంగులకు పట్టుకోవడం నగరాల్లో పాతుకుపోయింది. ఒప్పందంలో ఆ షరతు స్పష్టంగా రాసి, అద్దెదారు చదివి సంతకం చేసి ఉంటే దాన్ని కాదనడం కష్టం. రాయకపోతే యజమానికి మిగిలేది అందరూ అలాగే చేస్తున్నారన్న వాదన. 108వ సెక్షన్ స్థానిక ఆచారాన్ని గుర్తిస్తుంది గానీ, అలాంటి ఆచారం నిలకడగా ఉందని చూపే భారం దాన్ని చెప్పుకునేవారిది. నలుగురు యజమానులు చేస్తున్నంత మాత్రాన అలవాటు ఆచారం కాదు.

అసలు పరిష్కారం ఇంట్లో చేరే రోజునే ఉంది. రంగులకు ఎంత, ఎన్నేళ్లు ఉంటే ఎంత తగ్గాలి అన్నది ముందే రాసుకోవాలి. ఐదేళ్లు ఉన్న కుటుంబం, ఐదు నెలలు ఉన్న కుటుంబం ఒకే మొత్తం కట్టే షరతులో న్యాయం లేదు.

లెక్క కట్టే తీరు

నష్టం జరిగిందని తేలినా కొత్త వస్తువు ధర మొత్తం అద్దెదారు మీద వేయకూడదు. పాత వస్తువు పోయినందుకు కొత్తది వస్తే యజమాని మునుపటికన్నా మెరుగైన స్థితికి చేరతాడు. వస్తువుకు మిగిలిన ఆయుష్షు విలువే నిజమైన నష్టం. మన చట్టం ఆయుష్షుల పట్టికేదీ ఇవ్వదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకునే అంచనా వేసుకోవాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. హైదరాబాదులో రెండు పడకగదుల ఇల్లు, అద్దె 20,000, అడ్వాన్సు 40,000. మూడేళ్లకు కుటుంబం ఖాళీ చేసింది. యజమాని ఇచ్చిన చీటీలో రంగులు 22,000, క్లీనింగ్ 4,000, గీజరు 5,500, వాష్‌బేసిన్ 3,000, టైల్సు రంధ్రాలు 2,500, మొత్తం 37,000 ఉంది. అంటే తిరిగి వచ్చేది 3,000.

ఇప్పుడు పద్దు పద్దూ విప్పుదాం. కుటుంబం చేరేనాటికే రంగులు వేసి రెండేళ్లయింది, ఖాళీ చేసేనాటికి ఐదేళ్లు. రంగు ఆయుష్షు ఐదేళ్లనుకుంటే మిగిలిన విలువ సున్నా. ఎనిమిదేళ్ల గీజరులో కాయిల్ ఉప్పునీటికి పోయింది, అది అరుగుదల. వాష్‌బేసిన్ మాత్రం వీళ్ల చేతిలోనే పగిలింది. దాని వయసు ఆరేళ్లు, ఆయుష్షు పదిహేననుకుంటే పదిహేనింట తొమ్మిది వంతులు, అంటే 1,800 న్యాయం. క్లీనింగ్‌కు రసీదు అడిగితే వంటగది జిడ్డు తీయించిన 1,500కే ఉంది. రెండు టైల్సు చీలిన మాట నిజం, మేస్త్రీ కూలితో సహా 1,000. మొత్తం 4,300. అప్పుడు తిరిగి రావలసింది 35,700. మూడు వేలకూ ముప్ఫై అయిదు వేలకూ మధ్య ఉన్నది కోపతాపాలు కాదు, పద్దుల లెక్క.

రుజువులు

గెలుపోటములు తాళాలు తిరిగిచ్చే రోజున తేలుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి తాళాలు పుచ్చుకున్న రోజునే చాలావరకు తేలిపోతాయి. పాలు పొంగించే హడావుడిలో ఎవరూ గోడల వైపు చూడరు. సామాను దించకముందే గది గదికీ వీడియో తీసి, ఉన్న మరకలనూ పగుళ్లనూ దగ్గరగా ఫోటో తీసి, అదే రోజు యజమానికి పంపాలి. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, చిమ్నీ, అద్దాలు, తాళంచెవులు ఎన్నున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేస్తే ఇంకా మంచిది. అడ్వాన్సు నగదుగా కాక బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వాలి. నగదే ఇస్తే రసీదు తీసుకోవాలి.

ఖాళీ చేసేటప్పుడు ఇల్లు ఊడ్చి, సామాను లేని గదులను మళ్లీ అదే కోణంలో చిత్రీకరించాలి. కరెంటు మీటరు రీడింగు, చివరి బిల్లు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ రసీదు దగ్గర ఉంచుకోవాలి. వాచ్‌మన్‌కు తాళాలిచ్చి వెళ్లిపోకుండా యజమాని ఎదుటే ఇల్లంతా చూపించి అప్పగించాలి. ఫోన్లోని ఫోటోలు, సందేశాలు కోర్టులో చెల్లాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కనుక అసలు ఫైళ్లను చెరిపేయకూడదు.

తగువు తీర్చుకునే దారులు

మొదటి మెట్టు మాట. కోత గురించి ఫోన్లో వాదించడం కన్నా పద్దుల వారీ లెక్కను రాతలో అడగడం మేలు. సందేశం మర్యాదగా, తేదీలతో, అంకెలతో ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "సార్, నమస్కారం. 31వ తేదీన ఇల్లు మీకు చూపించి తాళాలు అప్పగించాను. అడ్వాన్సు 40,000లో 37,000 మినహాయించారు. ఏ పనికి ఎంత అయిందో బిల్లులు పంపగలరు. వాష్‌బేసిన్, వంటగది, రెండు టైల్సు నా బాధ్యతే, వాటికి 4,300 ఒప్పుకుంటున్నాను. మిగతా 35,700 పదిహేను రోజుల్లో పంపమని కోరుతున్నాను. చేరిన రోజు ఫోటోలు జతచేశాను." ఒప్పుకోవలసింది ఒప్పుకున్న మనిషి మాటకు బరువు ఎక్కువ. అది రాజీకీ పనికొస్తుంది, రేపు న్యాయమూర్తి ముందూ నిలుస్తుంది.

జవాబు రాకపోతే వకీలు ద్వారా నోటీసు పంపాలి. అందినట్టు రుజువు ఉండే పోస్టులోనే పంపాలి. తరువాతి మెట్టు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎదుటి పక్షాన్ని పిలిచి కూర్చోబెడతారు. రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రాజీ కుదరకపోతే మాత్రం లోక్ అదాలత్ తనంతట తాను తీర్పు రుద్దలేదు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది.

చివరి మెట్టు సివిల్ దావా. డబ్బు రాబట్టుకునే దావాకు సాధారణంగా 3 ఏళ్ల కాలపరిమితి. అడ్వాన్సు తీసుకున్నానని యజమాని ఒప్పుకుంటే, కోత న్యాయమని నిరూపించే భారం ఆయన మీదికి మళ్లుతుంది. ఇంటి అద్దె తగువు వినియోగదారుల కమిషన్ పరిధిలోకి సాధారణంగా రాదు, పోలీసులు సివిల్ వ్యవహారమని పంపేస్తారు. అడ్వాన్సు ఇచ్చేదాకా తాళాలివ్వనని ఇల్లు పట్టుకుని కూర్చోవడమూ మంచిది కాదు. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ ఎదురు పరిహారం మీద పడే ప్రమాదం ఉంది.

నమూనా అద్దె చట్టం

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ తగువును మొగ్గలోనే తుంచాలని చూసింది. ఇళ్లకు 2 నెలల అద్దె, ఇతర కట్టడాలకు 6 నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజునే, న్యాయమైన మినహాయింపులు పోను మిగతాది తిరిగివ్వాలి. అన్నిటికన్నా విలువైనది దాని రెండో షెడ్యూలు. గోడలకు వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగులు, పైపుల మార్పిడి, వైరింగు, కట్టడపు మరమ్మతులు యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, కాలువల శుభ్రత, గీజరు, వాష్‌బేసిన్, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతు. ఒప్పందంలో వేరే మాట లేకపోతే ఈ పంపకం వర్తిస్తుంది. పై ఉదాహరణలోని గీజరు ఈ షెడ్యూలు కింద అద్దెదారు వైపుకు మళ్లుతుందన్నది గమనించాలి. ఏ కాగితం మీద నిలబడి మాట్లాడుతున్నామన్నది అంత ముఖ్యం. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా ఒప్పందం రాసుకునే ఎవరైనా ఈ జాబితాను తెచ్చి అందులో పెట్టుకోవచ్చు.

ఇతర దేశాల్లో

ఇంగ్లండులో 2007 ఏప్రిల్ 6 నుంచి డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన పథకాల్లో భద్రపరచడం తప్పనిసరి. ఇప్పుడు 30 రోజుల్లోగా ఆ పని చేయకపోతే డిపాజిట్‌కు 1 నుంచి 3 రెట్ల దాకా యజమాని చెల్లించుకోవాలి. తగువు వస్తే పథకం నియమించిన మధ్యవర్తి ఉచితంగా తేలుస్తాడు. రుజువు భారం యజమానిదే. ఏడాది అద్దె 50,000 పౌన్ల లోపు ఉంటే డిపాజిట్ 5 వారాల అద్దె దాటకూడదని 2019 చట్టం చెబుతోంది.

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. కాలిఫోర్నియాలో 21 రోజుల్లో పద్దుల పట్టిక పంపాలి, కోత 125 డాలర్లు దాటితే బిల్లులు జతచేయాలి. అద్దెదారు ఖాళీ చేసేముందు తనిఖీ కోరి, చూపిన లోపాలను తానే సరిచేసుకోవచ్చు. టెక్సాస్‌లో గడువు 30 రోజులు. అయితే కొత్త చిరునామాను అద్దెదారు రాతలో ఇవ్వాలి, డాలస్ వైపు అపార్టుమెంట్లు మారే మనవాళ్లు మరచిపోతే ఇబ్బంది పడేది ఇక్కడే. దురుద్దేశంతో సొమ్ము ఆపితే అన్యాయంగా పట్టుకున్న దానికి 3 రెట్లు, అదనంగా 100 డాలర్లు, వకీలు ఖర్చులు చెల్లించాలి. ఈ రెండు అమెరికా రాష్ట్రాల చట్టాల్లో ఉమ్మడిగా ఉన్నవి గడువు, పద్దుల పట్టిక, అన్యాయపు కోతకు శిక్ష. మన పాత చట్టాల్లో లోపించినవీ ఈ మూడే.

యజమాని పక్షం

కోతలన్నీ దోపిడీ కావు. పింఛను చాలక పై అంతస్తు అద్దెకిచ్చుకున్న వృద్ధ దంపతులకు పగిలిన బేసిన్, కాలిన అర, కట్టని కరెంటు బిల్లు నిజమైన దెబ్బలే. చేరిన రోజు ఫోటోలు లేకపోతే నష్టపోయేది వాళ్లూనూ. నిజాయితీగల యజమానికి రుజువులతో భయం లేదు, నిజాయితీగల అద్దెదారుకూ లేదు. సంతకాలున్న ఒక జాబితా ఇద్దరినీ సమానంగా కాపాడుతుంది.

అందుకే ఈ వివాదానికి అతి చవకైన మందు చట్టం పుస్తకంలో దొరికేది కాదు. ఖాళీ గదిలో నిలబడి "ఇదిగో ఈ మరక ముందే ఉంది" అని ఇద్దరూ కలిసి చూసి, రాసి, సంతకం చేసుకునే అరగంట అది. ఆ అరగంట పెట్టినవాళ్లు తాళాలు ఇచ్చిపుచ్చుకునే రోజున చూసుకోవలసింది ఆ కాగితమే.